మోడల్ రైళ్లు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా నడపడం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో చాలావరకు ఒకే విషయాన్ని అడిగాయి: ఒకే లైను మీద రెండు మూడు మోడల్ రైళ్లు నడుస్తున్నప్పుడు అవి వాటంతట అవే వేగం తగ్గించుకుని, ముందున్న రైలును గుద్దకుండా ఆగేలా చేయడం ఎలా? అందుకే ఈ సంచిక శీర్షికను పూర్తిగా దానికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: అయ్యా, నమస్కారం. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్న ప్లైవుడ్ పలక మీద హెచ్‌ఓ స్కేలులో (అసలు రైలులో 87వ వంతు సైజు) ఒక చుట్టు లైను వేసుకున్నాం. 12 వోల్టుల డీసీ కంట్రోలరుతో నడుపుతున్నాం. ఒక్క రైలు ఉన్నంతసేపు ఇబ్బంది లేదు. రెండోది పెట్టామంటే చాలు, కాసేపటికి వెనకది వచ్చి ముందుదాన్ని గుద్దుతోంది. వెనక రైలు దానంతట అదే ఆగి, దారి దొరికాక మళ్లీ బయలుదేరే ఏర్పాటు ఇంట్లో చేసుకోగలమా? స్టేషన్ మాస్టరుగా పనిచేసి రిటైరైన మా నాన్నగారు "లైన్ క్లియర్ లేకుండా బండి ఎలా వదులుతున్నావురా" అంటున్నారు.
— ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: మీ నాన్నగారు అన్న మాటతోనే మొదలుపెడదాం. డీసీ లైనులో పట్టాల మీద ఎన్ని ఇంజిన్లు ఉన్నా అన్నింటికీ అందేది ఒకే వోల్టేజి. ఒకే కంపెనీ నుంచి వచ్చిన రెండు ఇంజిన్లు కూడా ఒకే వోల్టేజికి సరిగ్గా ఒకే వేగంతో నడవవు కనుక, మీరు కంట్రోలరును ఎంత జాగ్రత్తగా తిప్పినా ఎప్పుడో ఒకప్పుడు వెనకది ముందుదాన్ని అందుకుని తీరుతుంది. కాబట్టి లైనును ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు విడివిడిగా విద్యుత్తు ఇచ్చి, ఒక ముక్కలో ఒక సమయంలో ఒక్క రైలే ఉండాలన్న నియమాన్ని యంత్రం చేత పాటింపజేయాలి. పెద్ద రైల్వేలో బ్లాకు పద్ధతి అనేది ఇదే. ముందు వెళ్లిన బండి పూర్తిగా చేరిందని, చివరి పెట్టె మీది ఎల్.వి. (లాస్ట్ వెహికల్) బోర్డునో తోక దీపాన్నో కళ్లారా చూశాకే అవతలి స్టేషన్ వారు తర్వాతి బండికి లైన్ క్లియర్ ఇస్తారని మీ నాన్నగారు మీకు చెప్పే ఉంటారు. మనం కట్టబోయే సర్క్యూటు కూడా ఆ పట్టింపుతోనే పనిచేయాలి.

మీ పలక మీద 56 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో మలుపులు వేస్తే చుట్టు మొత్తం పొడవు దాదాపు 6 మీటర్లు వస్తుంది. దాన్ని ఆరు బ్లాకులు చేయండి; ఒక్కొక్కటి మీటరుకు కాస్త తక్కువగా ఉంటుంది. రెండు పట్టాలనూ కోయనక్కరలేదు. లోపలి పట్టాను ప్రతి బ్లాకు సరిహద్దులో సన్నని రంపంతో కోసి, ఆ సందులో చిన్న ప్లాస్టిక్ ముక్క పెట్టి అంటించండి. ఈ ముక్కను మరిచిపోవద్దు, ఎందుకంటే ఎండాకాలంలో పట్టాలు సాగి సందు మూసుకుపోతే రెండు బ్లాకులు కలిసిపోతాయి. బయటి పట్టా మాత్రం చుట్టూ ఒకటిగానే ఉండాలి. కంట్రోలరుకు బదులు డీసీ అడాప్టరు పెట్టి, దాని 12 వోల్టుల ప్లస్ తీగను ఈ పట్టాకు కలపండి.

మాస్‌ఫెట్ అంటే ఎలక్ట్రానిక్ స్విచ్; గేటు అనే కాలుకు వోల్టేజి ఇస్తే తెరుచుకుని డ్రెయిన్, సోర్స్ అనే మిగతా రెండు కాళ్ల మధ్య కరెంటు పారనిస్తుంది, మూసుకుంటే ఆపుతుంది. కోసిన పట్టా ముక్క ఒక్కొక్కటి ఒక్కో మాస్‌ఫెట్ డ్రెయిన్‌కు వెళ్తుంది, సోర్స్ గ్రౌండుకు. వీటిని నడిపే ఆర్డుయినో అనే చిన్న ప్రోగ్రాము బోర్డు ఇచ్చే 5 వోల్టులకే పూర్తిగా తెరుచుకునే రకం, ఉదాహరణకు ఐఆర్ఎల్‌జెడ్44ఎన్, తీసుకోండి. మోటారు వెనక్కి కొట్టే వోల్టేజిని మళ్లించడానికి ప్రతి బ్లాకు పట్టా నుంచి ప్లస్‌కు ఒక 1ఎన్5819 డయోడు పెట్టాలి. మాస్‌ఫెట్ గేటుకూ గ్రౌండుకూ మధ్య 10 కిలో ఓముల రెసిస్టరు తప్పనిసరి. ఆర్డుయినో నుంచి వచ్చే తీగ ఊడిపోయినా, బోర్డు రీసెట్ అయి పిన్ను గాలిలో ఉన్నా, ఈ చిన్న రెసిస్టరు గేటును కిందకు లాగి ఆ బ్లాకుకు విద్యుత్తు రాకుండా చేస్తుంది. ఆర్డుయినో ఊనోలో పీడబ్ల్యూఎం పిన్నులు (విద్యుత్తును చకచకా ఇస్తూ ఆపుతూ వేగాన్ని మార్చేవి) ఆరు, అనలాగ్ ఇన్‌పుట్లు (వోల్టేజిని కొలిచేవి) ఆరు ఉన్నాయి కాబట్టి ఆరు బ్లాకులకు ఒక్క బోర్డు సరిపోతుంది. ఈ సర్క్యూటులో రైళ్లు ఒకే దిశలో నడుస్తాయి.

ఇక అసలు విషయం, బ్లాకులో రైలు ఉందో లేదో తెలుసుకోవడం. చాలామంది కొత్తవాళ్లు బ్లాకు గుండా ప్రవహించే కరెంటును కొలిచి వదిలేస్తారు. రైలు ఆగాలని విద్యుత్తు ఆపేసిన బ్లాకులో కరెంటే ఉండదు. దాంతో అక్కడ నిలబడి ఉన్న రైలు లెక్కలోంచి మాయమైపోతుంది, వెనక వచ్చేది నేరుగా వచ్చి గుద్దుతుంది. అందుకని విద్యుత్తు ఆపి ఉన్నప్పుడే చదవగలిగే పద్ధతి కావాలి. మాస్‌ఫెట్ డ్రెయిన్ నుంచి గ్రౌండుకు 22 కిలో ఓములు, 10 కిలో ఓముల రెసిస్టర్లను వరసగా కలిపి, ఆ రెండూ కలిసే చోటును అనలాగ్ ఇన్‌పుట్‌కు ఇవ్వండి. మాస్‌ఫెట్ మూసి ఉన్నప్పుడు బ్లాకు ఖాళీగా ఉంటే అక్కడ సున్నా వోల్టులు కనిపిస్తాయి. ఇంజిను నిలబడి ఉంటే ప్లస్ పట్టా నుంచి మోటారు గుండా వచ్చిన వోల్టేజి వల్ల సుమారు 3.75 వోల్టులు కనిపిస్తాయి. ఇంజిను కదులుతూ ఉంటే మోటారు తానే పుట్టించే వోల్టేజి ఎదురు రావడం వల్ల ఇది బాగా తగ్గుతుంది కాబట్టి, అర వోల్టు దాటితే చాలు, రైలు ఉన్నట్టే లెక్క వేయండి.

ఇందులో ఒక మెళకువ ఉంది. ఇంజిను రెండు బ్లాకుల సరిహద్దు దాటేటప్పుడు దాని ముందు చక్రాలు ఒక బ్లాకులో, వెనక చక్రాలు ఇంకో బ్లాకులో ఉండి, ఇంజిను లోపలి తీగల ద్వారా రెండు పట్టా ముక్కలనూ కలిపేస్తాయి. ఆ క్షణంలో పక్క బ్లాకు మాస్‌ఫెట్ తెరిచి ఉంటే మీరు చదివే బ్లాకు కూడా సున్నాకు పడిపోయి, ఇంజిను సరిగ్గా సరిహద్దు మీద ఉన్నప్పుడే రెండు బ్లాకులూ ఖాళీ అని చూపిస్తుంది. దీనికి మందు ఏమిటంటే, ప్రతి 50 మిల్లీసెకన్లకు ఒకసారి ఆరు మాస్‌ఫెట్లనూ ఒకేసారి మూసి, ఒక మిల్లీసెకను ఆగి, ఆరు ఇన్‌పుట్లనూ చదివి, మళ్లీ తెరవడం. ఊనోకు ఒక్కో అనలాగ్ ఇన్‌పుట్ చదవడానికి పట్టేది మిల్లీసెకనులో పదో వంతు కనుక మొత్తం పని 2 మిల్లీసెకన్లలో పూర్తవుతుంది. రైలు నడకలో తేడా కంటికి తెలియదు.

చదవడం కుదిరింది కదా అని ఆ రీడింగునే నమ్మి రైలును వదలకండి. పట్టా మీద మురికి ఉన్నా, బ్లాకు తీగ తెగినా, టంకం ఊడినా రీడింగు సున్నాయే వస్తుంది, అంటే ఖాళీ అనే చెబుతుంది. 1872లో అమెరికాలో విలియం రాబిన్సన్ పేటెంటు పొందిన ట్రాక్ సర్క్యూటు గొప్పతనమంతా ఈ చిక్కును తప్పించడంలోనే ఉంది. అందులో పట్టాల ఒక చివర బ్యాటరీ, మరో చివర రిలే ఉంటాయి. పట్టాల గుండా కరెంటు అందుతున్నంతసేపే రిలే పట్టుకుని ఉంటుంది, అప్పుడే దారి ఖాళీ అని అర్థం. రైలు చక్రాలు రెండు పట్టాలనూ కలిపితే రిలే పడిపోయి సిగ్నలు ఎర్రగా మారుతుంది. బ్యాటరీ అయిపోయినా, తీగ తెగినా, పట్టా విరిగినా కూడా అది ఎర్రగానే మారుతుంది. మన చిన్న లైనులో పట్టాలే మోటారుకు విద్యుత్తు మోయాలి కనుక రాబిన్సన్ సర్క్యూటును ఉన్నదున్నట్టు పెట్టలేం. అదే భద్రతను ప్రోగ్రాములో తెచ్చుకోవాలి.

అది ఇలా. ఒక బ్లాకులో రైలు ఒక్కసారి కనబడితే ఆ బ్లాకు నిండి ఉందని ప్రోగ్రాము గుర్తుపెట్టుకోవాలి. తర్వాత రీడింగు సున్నాకు వచ్చినంత మాత్రాన ఆ గుర్తును చెరపకూడదు. ముందరి బ్లాకులో ఆ రైలు కనబడి, ఆ తర్వాత ఈ బ్లాకులో కనీసం ఒక సెకను పాటు వరసగా సున్నా వచ్చినప్పుడే దాన్ని ఖాళీగా ప్రకటించాలి. పట్టాల మీద ఉన్న రైలు ఎక్కడికీ మాయమైపోదు, ముందరి బ్లాకులోకే వెళ్లగలదు అన్న ఒక్క నిజం మీద ఈ నియమం నిలబడింది. ఇప్పుడు మూడో బ్లాకు తీగ తెగిందనుకోండి. రెండో బ్లాకు నుంచి వెళ్లిన రైలు విద్యుత్తు అందక అక్కడే ఆగిపోతుంది. మూడో బ్లాకు అది కనబడిందని చెప్పదు కాబట్టి రెండో బ్లాకు నిండినట్టే ఉండిపోతుంది, వెనక రైలు ఒకటో బ్లాకులోనే నిలబడుతుంది. ఏం పాడైందో మీరు తర్వాత తీరిగ్గా వెతుక్కోవచ్చు.

మీ నాన్నగారి ఎల్.వి. బోర్డుకు సమానమైనది కూడా మనకు కావాలి. పై సర్క్యూటుకు మోటారున్న ఇంజినే కనబడుతుంది, పెట్టెలు కనబడవు. కప్లింగు ఊడి రెండు పెట్టెలు వెనక ఉండిపోతే ప్రోగ్రాముకు తెలియదు. అందుకని చివరి పెట్టె రెండు ఇరుసుల మీదా, ఇన్సులేషన్ ఉన్న చక్రం వైపు, ఒక్కో 10 కిలో ఓముల చిన్న రెసిస్టరును అంటించి, రెండు చివరలనూ విద్యుత్తును ప్రసరింపజేసే పెయింటుతో ఇరుసుకూ చక్రానికీ కలపండి. అలాంటి ఇరుసు ఒక్కటి బ్లాకులో ఉన్నా ఇన్‌పుట్ దగ్గర 2.8 వోల్టులకు పైగా వస్తుంది. కనీసం చివరి పెట్టెకైనా ఇది చేయకుండా ఈ ఏర్పాటును నమ్మవద్దని నా సలహా.

చివరగా, స్విచ్ వేయగానే ఏ రైలూ కదలకూడదు. ఏ బ్లాకులో ఏముందో ఆర్డుయినో చదివి ఆరు చిన్న ఎల్ఈడీల ద్వారా చూపించాలి, మీరు పట్టాల మీద ఉన్నదానితో పోల్చుకుని బటన్ నొక్కాకే రైళ్లు బయలుదేరాలి.

ప్రశ్న: సర్, నేను పాలిటెక్నిక్ విద్యార్థిని. ప్రాజెక్టు కోసం బ్లాకులతో రెండు రైళ్లు నడుపుతున్నాను. ముందు బ్లాకు నిండి ఉంటే విద్యుత్తు ఆపేస్తున్నాను. రైలు ఉన్నచోట ఒక్కసారిగా ఆగిపోతోంది, వెనక పెట్టెలు పట్టాలు తప్పుతున్నాయి. ఎంత దూరం నుంచి వేగం తగ్గించాలో లెక్క ఎలా వేయాలి?
— ఒక విద్యార్థి, విజయవాడ

జవాబు: చిన్న ఇంజిన్లలో మోటారు నుంచి చక్రాలకు శక్తి వెళ్లేది వర్మ్ గేరు ద్వారా. వర్మ్ చక్రాలను తిప్పగలదు కానీ చక్రాలు వర్మ్‌ను తిప్పలేవు. అందుకే విద్యుత్తు ఆగి మోటారు నిలిచిన మరుక్షణం చక్రాలు బిగుసుకుపోతాయి. లోపల ఫ్లైవీల్ ఉన్న ఇంజిను కొద్ది దూరం జారుతుంది, లేనిది అక్కడికక్కడే నిలుస్తుంది. వెనక ఉన్న తేలిక పెట్టెలు ఆ తాకిడికి లేచి పక్కకు పడతాయి. ఆపడం కాకుండా తగ్గించుకుంటూ రావాలి.

లెక్క మీరు ఇంటర్‌లో చదివినదే. వేగాన్ని వేగంతో గుణించి, దాన్ని రెండింతల మందగమనంతో భాగిస్తే ఆగే దూరం వస్తుంది. హెచ్‌ఓ అంటే 87లో ఒక వంతు కనుక సెకనుకు 30 సెంటీమీటర్లు వెళ్లే మీ మోడల్ పెద్ద రైలు లెక్కలో గంటకు 94 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నట్టు. దాన్ని 2 సెకన్లలో సమంగా తగ్గించి ఆపితే 30 సెంటీమీటర్లు పడుతుంది. వేగం రెట్టింపై సెకనుకు 60 సెంటీమీటర్లయితే, అదే మందగమనంతో ఆగడానికి నాలుగింతలు, అంటే 120 సెంటీమీటర్లు కావాలి. మీటరు పొడవున్న బ్లాకులో అది ఆగదు. ఎర్ర సిగ్నలు చూశాక బ్రేకు వేస్తే చాలదని, అంతకు ముందే పసుపు సిగ్నలు ఉండాలని రైల్వేలు ఈ లెక్క వల్లనే నేర్చుకున్నాయి. మన రైల్వేలో ఆకుపచ్చ, రెండు పసుపులు, ఒక పసుపు, ఎరుపు అని నాలుగు స్థాయిలు కూడా వాడతారు. మీకు మూడు చాలు. ముందు రెండు బ్లాకులు ఖాళీగా ఉంటే పూర్తి వేగం, ఒకటే ఖాళీగా ఉంటే సగం వేగం, ఒక్కటీ ఖాళీగా లేకపోతే ఆ బ్లాకు చివరికల్లా ఆగడం.

రాయబోయే ప్రోగ్రాములో వేగాన్ని బ్లాకుకు కాకుండా రైలుకు అంటగట్టండి. ప్రతి రైలుకూ ఇప్పటి వేగం, కోరుకున్న వేగం అని రెండు సంఖ్యలు ఉంచి, ప్రతి 50 మిల్లీసెకన్లకు ఇప్పటి వేగాన్ని కోరుకున్న వేగం వైపు ఒక్క మెట్టు జరపండి. 2 సెకన్లలో అలాంటి మెట్లు 40 ఉంటాయి. రైలు తాకుతున్న బ్లాకులన్నింటికీ, అంటే సరిహద్దు మీద ఉన్నప్పుడు రెండింటికీ, ఆ ఒక్క సంఖ్యనే పంపాలి. లేకపోతే ప్రతి సరిహద్దు దగ్గరా రైలు ఒక ఊపు ఊగుతుంది. పీడబ్ల్యూఎం విలువ కొంత కిందికి దిగాక మోటారు తిరగనే తిరగదు. ఆ విలువ ఒక్కో ఇంజినుకు ఒక్కోలా ఉంటుంది. ముందుగా ఇంజినును ఒంటరిగా నడిపి, అది కదలడం మొదలుపెట్టే విలువను, తర్వాత ఐదారు విలువల దగ్గర మీటరు దూరానికి పట్టే కాలాన్ని రాసుకుని ఒక పట్టిక తయారుచేయండి. ఆ పట్టిక లేకుండా పై లెక్కకు విలువ లేదు. కోర్‌లెస్ మోటార్లున్న ఇంజిన్లను మాత్రం ఊనో మామూలుగా ఇచ్చే 490 లేదా 980 హెర్ట్జ్ పీడబ్ల్యూఎం మీద నడపకండి, వేడెక్కి పాడవుతాయి.

రైలు బ్లాకులోకి అడుగుపెట్టగానే బ్రేకు మొదలుపెడితే తోక వెనక బ్లాకులోనే ఉండిపోతుంది. కాబట్టి ఎర్ర సిగ్నలు ఉన్న బ్లాకులో వేగాన్ని నడక వేగానికి తగ్గించి, బ్లాకు చివరకు 15 సెంటీమీటర్ల ముందు రెండు స్లీపర్ల మధ్య పైకి చూసేలా ఒక టీసీఆర్‌టీ5000 ఇన్‌ఫ్రారెడ్ సెన్సరు అమర్చి, ఇంజిను దాని మీదికి రాగానే పూర్తిగా ఆపండి. ఈ సెన్సరు కొన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉన్న వస్తువునే బాగా చూస్తుంది. కిటికీలోంచి ఎండ నేరుగా పడితే దానికి చూపు ఆనదు. అందుకని నడక వేగంతో సెన్సరును చేరడానికి ఎంత కాలం పట్టాలో ముందే లెక్కగట్టి, అంతకంటే కాస్త ఎక్కువ కాలం గడిచినా సెన్సరు పలకకపోతే రైలును ఎక్కడ ఉంటే అక్కడ ఆపేయాలని ప్రోగ్రాములో రాయండి.

ప్రశ్న: ఇన్ని బ్లాకులు, ఇన్ని తీగలు ఎందుకు? ఇంజిను ముందు భాగంలో దూరాన్ని కొలిచే లేజర్ సెన్సరు పెడితే, ముందు రైలు కనబడగానే అదే ఆగిపోదా?
— ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: తిన్నటి లైను మీద ఆగుతుంది. మీరు అనుకుంటున్న వీఎల్53ఎల్0ఎక్స్ వంటి సెన్సర్లు కంటికి కనిపించని 940 నానోమీటర్ల కాంతితో అనుకూల పరిస్థితుల్లో 2 మీటర్ల వరకు దూరం కొలుస్తాయి, పరిమాణంలో వేలిగోరంత ఉంటాయి. చిక్కు మలుపుల్లో వస్తుంది. 56 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో రైలు ముక్కు నుంచి తిన్నగా గీత గీస్తే, 30 సెంటీమీటర్లు వెళ్లేసరికి ఆ గీత పట్టాల మధ్య నుంచి 8 సెంటీమీటర్లు బయటకు పోతుంది. ఈ సెన్సరు చూపు వెడల్పు 25 డిగ్రీలు; అంటే ఆ దూరంలో అది గీతకు అటూ ఇటూ ఆరేడు సెంటీమీటర్ల మేర చూడగలదు. ముందు రైలు తోక ఆ చూపు అంచుకు తగిలీ తగలనట్టు ఉంటుంది, అదే సమయంలో మలుపు బయట ఉన్న ప్లాట్‌ఫారం, సొరంగం గోడ స్పష్టంగా కనబడి రైలును లేనిపోని చోట ఆపుతాయి. అన్నిటికంటే ముఖ్యం, సెన్సరు పాడైనా, దాని ముందు దుమ్ము పట్టినా "ఏమీ కనబడలేదు" అన్న జవాబే వచ్చే అవకాశం ఉంది. దాన్ని దారి ఖాళీ అన్న అర్థంలో తీసుకునే ఏ ఏర్పాటునూ నేను సిఫారసు చేయను. బ్లాకులు కట్టుకున్నాక అదనపు రక్షణగా దీన్ని పెట్టుకుంటే మంచిదే.

ప్రశ్న: మా ఇంట్లో హెచ్‌ఓ లైను డీసీసీ (పట్టాల ద్వారానే ప్రతి ఇంజినుకూ విడిగా ఆజ్ఞలు పంపే డిజిటల్ పద్ధతి) మీద నడుస్తుంది. రైళ్లు ఎర్ర సిగ్నలు దగ్గర కంప్యూటరు సాయం లేకుండా మెల్లగా ఆగాలి, ఆగినా లైట్లు, శబ్దం ఆగకూడదు. మార్గం ఉందా?
— ఒక పాఠకురాలు, ప్లేనో, టెక్సాస్

జవాబు: ఉంది, అదీ ఐదు డయోడ్లతో. డీసీసీలో పట్టాల మీద ఉండేది అటూ ఇటూ మారే వోల్టేజి. రెండు వైపులా దాని ఎత్తు సమానం. సిగ్నలు ముందున్న భాగంలో, రైలు వెళ్లే దిశలో కుడి పట్టాను రెండు చివరలా కోసి, దానికి వెళ్లే తీగలో నాలుగు డయోడ్లను వరసగా, వాటికి సమాంతరంగా ఎదురు దిశలో ఒక డయోడును కలపండి. ఒక వైపు సుమారు 2.8 వోల్టులు, మరో వైపు 0.7 వోల్టు తగ్గడం వల్ల వోల్టేజి ఎత్తు ఒక వైపుకు ఒరుగుతుంది. లెంజ్ కంపెనీ ఏబీసీ పేరుతో తెచ్చిన ఈ పద్ధతిని ఇప్పుడు ఈఎస్‌యూ, జిమో కంపెనీల డీకోడర్లు (ఇంజిన్లో ఉండి ఆజ్ఞలను చదివే చిన్న బోర్డులు) కూడా గుర్తుపడతాయి. ఆ ఒరుగుదలను చూడగానే డీకోడరు తనలో రాసి ఉన్న మందగమనం ప్రకారం రైలును ఆపుతుంది. ఆజ్ఞలు, విద్యుత్తు అందుతూనే ఉంటాయి కాబట్టి లైట్లు, శబ్దం ఆగవు. ఎదురు దిశలో వచ్చే రైలుకు ఆ ఒరుగుదల ఎడమ పట్టాలో కనబడుతుంది కనుక అది ఆగకుండా వెళ్లిపోతుంది.

చాలా డీకోడర్లలో సీవీ 27కు (సీవీ అంటే డీకోడరులో మనం మార్చుకోగల అమరిక) 1 విలువ ఇస్తే ఈ సదుపాయం తెరుచుకుంటుంది. మందగమనం సీవీ 4లో ఉంటుంది. రైలు ఆగే భాగాన్ని దాటి పోకుండా ఆ విలువను ప్రయత్నించి చూసి కుదుర్చుకోండి. మీ డీకోడరు పుస్తకంలో ఆగే దూరాన్ని స్థిరంగా ఉంచే సదుపాయం కనబడితే తప్పక వాడండి, వేగంగా వచ్చినా నిదానంగా వచ్చినా రైలు ఒకే చోట ఆగుతుంది. డయోడ్లు 3 ఆంపియర్లు తట్టుకునేవి, 1ఎన్5401 వంటివి ఉండాలి.

ఆకుపచ్చ సిగ్నలుకు ఈ డయోడ్లను పక్కకు తప్పించడానికి ఒక రిలే పెడతారు. ఆ రిలేకు విద్యుత్తు అందినప్పుడు మాత్రమే డయోడ్లు తప్పుకునేలా, అందనప్పుడు అవి దారిలో ఉండేలా కలపండి. తిరగేసి కలిపినా మామూలు రోజుల్లో చక్కగానే పనిచేస్తుంది. రిలే తీగ తెగిన రోజున మాత్రం ఎర్ర సిగ్నలు దగ్గర రైలు ఆగదు.

ప్రశ్న: మా పాఠశాల సైన్స్ ప్రదర్శన కోసం పిల్లలు, రైళ్లు గుద్దుకోకుండా ఆపే మన రైల్వేల "కవచ్" వ్యవస్థ నమూనా చేయాలనుకుంటున్నారు. ముందు రైలు ఎక్కడుందో కవచ్‌కు ఎలా తెలుస్తుంది? చిన్న రైలుతో దాన్ని చూపించగలమా?
— ఒక ఉపాధ్యాయురాలు, వికారాబాద్

జవాబు: మీ పిల్లలకు ముందుగా చెప్పవలసిన సంగతి, ఈ వ్యవస్థ ప్రయాణికుల రైళ్లతో తొలి పరీక్షలు జరుపుకున్నది 2016లో లింగంపల్లి, వికారాబాద్, వాడి మార్గంలో, అంటే మీ ఊరి మీదుగానే. 2020లో దీన్ని జాతీయ స్థాయి ఆటోమేటిక్ రైలు రక్షణ వ్యవస్థగా స్వీకరించారు. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఎక్కిన ఇంజినును, అదే లైను మీద ఉన్న మరో ఇంజినుకు 380 మీటర్ల ముందే కవచ్ దానంతట అదే ఆపింది.

స్లీపర్ల మీద ఆర్ఎఫ్ఐడీ ట్యాగులు (రేడియో తరంగాలతో చదవగల గుర్తింపు బిళ్లలు) ఉంటాయి. ఇంజిను కింద ఉన్న రీడరు వాటిని చదివి తాను ఎక్కడ ఉన్నదీ తెలుసుకుంటుంది, చక్రాల తిరుగుడును బట్టి తర్వాతి ట్యాగు వరకు దూరం లెక్క వేసుకుంటుంది. ఆ సమాచారం రేడియో ద్వారా స్టేషన్‌లోని యంత్రానికి చేరుతుంది. అక్కడి నుంచి, ఎంత దూరం వరకు వెళ్లవచ్చో అనుమతి తిరిగి వస్తుంది. ఇంజిన్‌లోని కంప్యూటరు ఆ దూరంలో ఆగడానికి ఇప్పుడు ఎంత వేగం మించకూడదో ప్రతి క్షణం లెక్క వేస్తూ, లోకో పైలట్ స్పందించకపోతే తానే బ్రేకు వేస్తుంది. అనుమతి రావడం ఆగిపోతే దాన్ని ముందుకు వెళ్లమన్నట్టుగా తీసుకోదు.

చిన్న రైలులో రీడరును ఇంజిన్‌లో ఇరికించడం పిల్లలకు కష్టం. అందుకే తిరగేసి చేయించండి. ఆర్‌సీ522 రీడర్లను పట్టాల కింద, ట్యాగులను పెట్టెల అడుగున పెట్టండి. దాని చూపు కొన్ని సెంటీమీటర్లకు మించదు కాబట్టి పలకకు రంధ్రం చేసి రీడరును పట్టాల దగ్గరగా అమర్చాలి. లోహపు అడుగు ఉన్న ఇంజినుకు మామూలు ట్యాగు అంటిస్తే చదవదు. మొదటి ప్లాస్టిక్ పెట్టెకు అంటించండి. ఇప్పుడు ఏ రైలు ఎక్కడ ఉందో పేరుతో సహా తెలుస్తుంది కాబట్టి గూడ్సుకు ఒక వేగం, ఎక్స్‌ప్రెస్‌కు ఒక వేగం నిర్ణయించవచ్చు, ఆగే దూరం లెక్కను తెర మీద చూపించవచ్చు. దారి ఖాళీ అని నిర్ధారించే పని మాత్రం ఈ ట్యాగులకు అప్పగించకుండా, కాజీపేట పాఠకుడికి చెప్పిన బ్లాకు రీడింగులకే వదలండి. సందర్శకుల ముందు పిల్లలు ఒక బ్లాకు తీగను చేత్తో పీకి, రెండు రైళ్లూ ఆగిపోవడం చూపిస్తే ఆ ప్రదర్శన సార్థకమైనట్టే.

ప్రశ్న: ఆరు బ్లాకుల లైను మీద ఎన్ని రైళ్లు నడపవచ్చు?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: హాయిగా నడవాలంటే రెండు. సరిహద్దు దాటేటప్పుడు ఒక్కో రైలు రెండు బ్లాకులను పట్టుకుంటుంది కాబట్టి మూడు పెడితే ఎప్పుడూ పసుపు సిగ్నలు మీద సగం వేగంతో, ఆగుతూ సాగుతూ నడుస్తాయి. ఆరు బ్లాకుల్లో ఆరు రైళ్లు పెడితే ఒక్కటీ కదలదు. రైలు పొడవు బ్లాకు పొడవులో మూడింట రెండు వంతులు మించకుండా చూసుకోండి.

ప్రశ్న: బ్లాకు రీడింగులు మొదట్లో బాగానే ఉండేవి. ఇప్పుడు నిలబడి ఉన్న రైలు కూడా ఉన్నట్టు, లేనట్టు మారిమారి కనబడుతోంది. సర్క్యూటు మార్చాలా?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ముందు పట్టాలను చూడండి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇత్తడి పట్టాల మీద ఏర్పడే పొర విద్యుత్తును అడ్డుకుంటుంది. నికెల్ సిల్వర్ పట్టాల మీద ఈ బాధ చాలా తక్కువ. నూలు గుడ్డను ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపి పట్టాలను, ఇంజిను చక్రాలను, రెసిస్టరు ఉన్న ఇరుసుల చక్రాలను తుడవండి. గరుకు కాగితంతో రుద్దవద్దు, ఆ గీతల్లో మురికి మరింత త్వరగా పేరుకుంటుంది. తుడిచాక కూడా ఒకే బ్లాకులో రీడింగు ఊగుతుంటే ఆ బ్లాకు పట్టాకు తీగ టంకం వేసిన చోటును, పట్టాలను కలిపే జాయినర్లను పరీక్షించండి. జాయినరు మీద మాత్రమే ఆధారపడిన పట్టా ముక్క ఏదైనా ఉంటే దానికి విడిగా ఒక తీగ టంకం వేయండి. అన్ని బ్లాకుల్లోనూ ఊగుతుంటే అడాప్టరు గ్రౌండు, ఆర్డుయినో గ్రౌండు గట్టిగా కలిసి ఉన్నాయో లేదో చూడండి.